విజయ పాఠాలు చెప్పేవారికి ఒక చరిత్ర మాస్టారి బహిరంగ లేఖ

వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పే వక్తలకు, పోటీ పరీక్షల గైడ్లు వేసే ప్రచురణకర్తలకు, ప్రపంచ సేనాపతుల మీద తెలుగులో వీడియోలు చేసే మిత్రులకు నమస్కారం.

నేను 29 ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో యూరప్ చరిత్ర చెప్పి రిటైరైన మనిషిని. చరిత్ర గ్రూపంటే ఎక్కడా సీటు రానివాళ్ల గ్రూపని నవ్వే రోజుల్లో మీరు వేలమంది పిల్లల చేత నెపోలియన్ పేరు, వెల్లింగ్టన్ పేరు పలికిస్తున్నారు. మధ్యాహ్నం క్లాసులో 40 మందిని నిద్రపోకుండా కూర్చోబెట్టలేక నేను నానా అవస్థలు పడ్డాను. ఆ మేరకు మీ మీద గౌరవం ఉంది. ఇక సంగతికి వస్తాను.

గత ఏడాదిన్నరలో ఒక గైడ్ల ప్రచురణ సంస్థకు రెండు ఉత్తరాలు రాశాను. యూరప్ సేనానుల పాఠంలో ఉన్న తప్పులు పేజీ నంబర్లతో సహా చూపించాను. రెండో ఉత్తరం అందినట్టు సంతకం చేసిన కార్డు వచ్చింది గానీ జవాబు రాలేదు. మొన్న కొత్త ఎడిషన్ కొన్నాను. అట్ట మారింది, ధర పెరిగింది, తప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంతకుముందు ఒక సభలో వక్తగారికి ఇదే విషయం చీటీ మీద రాసి ఇచ్చాను. ఆయన దాన్ని మర్యాదగా జేబులో పెట్టుకుని నాతో సెల్ఫీ దిగి వెళ్లిపోయారు.

అక్కడితో ఊరుకునేవాణ్నేమో. ఊరుకోనివ్వని సంగతొకటి జరిగింది. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు చిన్న ప్రైవేటు కంపెనీలో నెలకు 18 వేల జీతానికి పనిచేసేవాడు. సాయంత్రాలు గ్రూప్స్‌కి చదువుకునేవాడు. ఓ ఆదివారం ఒక మోటివేషన్ క్లాసుకి వెళ్లాడు. అక్కడ చెప్పిన కథ ఇది: కోర్టెస్ అనే స్పానిష్ సేనాని మెక్సికో ఒడ్డున దిగగానే తన పడవలన్నీ తగలబెట్టించాడు, వెనక్కి దారి లేక సైనికులు ప్రాణాలొడ్డి పోరాడారు, సామ్రాజ్యం గెలిచారు. ‘మీ పడవలు మీరే తగలబెట్టుకోండి’ అన్నారట. హాలంతా చప్పట్లు. మావాడు సోమవారం రాజీనామా ఇచ్చాడు. వాడు ఎదురుచూసిన నోటిఫికేషన్ రెండేళ్లయినా రాలేదు. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. ఈ రెండేళ్లూ ఆయన అదనంగా ట్రిప్పులు కొట్టాడు, అమ్మ గాజులు బ్యాంకులోకి వెళ్లాయి.

ఆ వక్తగారి మీద నాకు కోపం లేదు. ఆయన చదివిన పుస్తకంలో అలాగే ఉంది. ఆ పుస్తకం గురించే, అలాంటి పుస్తకాల గురించే ఈ లేఖ. మీరు తరచుగా చెప్పే కథల్లో కొన్నింటిని ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

1. కోర్టెస్ పడవలు తగలబడలేదు.

1519లో కోర్టెస్ క్యూబా గవర్నర్ వెలాస్కెజ్ మాట కాదని మెక్సికో వచ్చాడు. అతని దండులో గవర్నర్ మనుషులున్నారు, వాళ్లు తిరిగి పోదామంటున్నారు. వాళ్లు పారిపోకుండా ఉండటానికి ఓడలను ఒడ్డుకెక్కించి పనికిరాకుండా చేయించాడు. నిప్పు మాత్రం పెట్టించలేదు. పైగా ముందే తెరచాపలు, మోకులు, ఇనుప సామాను విప్పించి జాగ్రత్తగా దాయించాడు. మరుసటి ఏడాది జూన్ 30 రాత్రి అప్పట్లో మెక్సికోను ఏలుతున్న ఆజ్టెక్‌ల రాజధాని టెనొచ్‌టిట్లాన్ నుంచి చావుదెబ్బలు తిని పారిపోయాక ఆ సామానే అక్కరకొచ్చింది. సరస్సు మధ్యలో ఉన్న ఆ నగరాన్ని ముట్టడించడానికి 13 చిన్న ఓడలు కట్టించాడు. వాటికి పాత ఓడల ఇనుము, మోకులే వాడారు. కలపను ట్లాష్కలా వాళ్లు, అంటే అతనితో చేతులు కలిపిన అక్కడి జనం, వేల సంఖ్యలో భుజాల మీద కొండలు దాటించారు. ఈలోగా మశూచి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది, ఆజ్టెక్‌ల కొత్త రాజు కూడా దానితోనే పోయాడు. 1521 ఆగస్టు 13న నగరం కూలింది.

ఇందులో వెనక్కి దారి మూసుకున్న ధీరుడెక్కడ? నాకైతే పాత సామాను పారెయ్యని గడసరి కనిపిస్తున్నాడు. ఇది చెబితే చప్పట్లు రావేమో. మావాడి ఉద్యోగం మాత్రం మిగిలేది.

2. ‘నా నిఘంటువులో అసాధ్యం అనే మాట లేదు.’

తెలుగునాట ఈ వాక్యం రాయని స్కూలు గోడ ఉందా అని నా అనుమానం. నెపోలియన్ రాతల్లో దీనికి దగ్గరగా ఉన్న మాట 1813 జులై నాటి ఉత్తరంలో ఉంది. మాగ్డెబర్గ్ గవర్నర్‌గా ఉన్న జనరల్ లెమరువా ఏదో పని సాధ్యం కాదని రాశాడు. ‘సాధ్యం కాదు అని రాస్తున్నావు, అది ఫ్రెంచి మాట కాదు’ అని చక్రవర్తి జవాబిచ్చాడు. పైవాడు కింది అధికారిని గదమాయించిన సందర్భమిది. విద్యార్థికిచ్చిన ఉపదేశం కాదు.

తేదీ చూడండి. అప్పటికి ఏడు నెలల కిందటే రష్యాలో అతని సైన్యం మంచులో కలిసిపోయింది. ఆ ఉత్తరం తర్వాత మూడు నెలలకు, అక్టోబరు 16 నుంచి 19 దాకా, జర్మనీలోని లైప్‌జిగ్ దగ్గర 5 లక్షల మంది తలపడ్డారు. చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి 90 వేలకు పైనే. చివరి రోజు ఓడిన ఫ్రెంచి సైన్యం ఎల్‌స్టర్ నది దాటుతుండగా వంతెనను వేళకు ముందే పేల్చేశారు. వెనక వేలమంది చిక్కుపడిపోయారు. మూడు రోజుల కిందటే మార్షల్ హోదా అందుకున్న పోలిష్ యువరాజు పొనియాటోవ్‌స్కీ గాయాలతో గుర్రంతో సహా నదిలోకి దిగి మునిగిపోయాడు. సాధ్యం కానివి ఉంటాయని ఆ వంతెన దగ్గర నిలబడ్డవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

3. తెల్ల గుర్రం.

మీ అట్టల మీద, వీడియోల మొదట్లో కనిపించే బొమ్మ దావీద్ అనే చిత్రకారుడు వేసింది. ఎర్రటి అంగవస్త్రం, ముందుకాళ్లు పైకెత్తిన గుర్రం, కొండగాలి. అసలు 1800 మే నెలలో నెపోలియన్ ఆల్ప్స్ కొండల్లోని గ్రాండ్ సెయింట్ బెర్నార్డ్ కనుమను కంచరగాడిద మీద దాటాడు. పగ్గం పట్టుకుని నడిపించినవాడు ఆ కొండ ఊరి మనిషి. ఫిరంగి గొట్టాలను తొలిచిన చెట్టు మొద్దుల్లో పెట్టి మనుషులే తాళ్లతో లాగారు.

కనుమ కింద బూర్ సెయింట్ పియర్ అనే చిన్న స్విస్ ఊరుంది. సైన్యం అక్కడి చెట్లు కొట్టింది, వంటపాత్రలు పట్టుకెళ్లింది, కంచరగాడిదల్ని తోలుకెళ్లింది. జరిగిన నష్టమంతా తీరుస్తానని నెపోలియన్ రాసిచ్చాడు. కొంత సొమ్ము అందింది, మిగతాది అందలేదు. ఊరివాళ్లు ఆ కాగితాన్ని తరాల తరబడి దాచుకుని అడుగుతూనే ఉన్నారు. 1984లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాన్ నామమాత్రంగా ఒక జ్ఞాపికతో ఆ బాకీకి ముగింపు పలికారు. 184 ఏళ్లు! మన ఊళ్లల్లో చెరువు కింద భూమి పోయినవాళ్లు పరిహారం కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరగడం చూసినవాళ్లకి ఆ ఊరివాళ్ల సంగతి ఇట్టే అర్థమవుతుంది. గైడులో ఇది ఒక్క వాక్యం రాయవచ్చు కదా?

ఇంకో చిన్నమాట. నెపోలియన్ పొట్టివాడు కాదు. పాత ఫ్రెంచి అడుగు మన అడుగుకన్నా పెద్దది. ఆ లెక్క మార్చితే దాదాపు 168 సెంటీమీటర్లు, ఆనాటి ఫ్రెంచివాడికి మంచి ఎత్తే. ‘పొట్టివాడైనా గట్టివాడు’ అనే మీ ఉపశీర్షిక తీసెయ్యండి.

4. రష్యా దండయాత్ర. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీరు ఇక్కడే అందరికంటే వేగంగా దాటిపోతున్నారు.

గైడులో ఉన్నది రెండు వాక్యాలు: ‘1812లో నెపోలియన్ రష్యాపై దండెత్తెను. తీవ్రమైన చలి వలన వెనుదిరిగెను.’ అంతే. చలి మీద నెట్టేస్తే సేనానికి మచ్చ లేదు, చదివేవాడికి శ్రమ లేదు.

1812 జూన్ 24న రష్యా సరిహద్దులోని నీమెన్ నది దాటడం మొదలైంది. తర్వాత చేరినవాళ్లతో కలిపితే 6 లక్షల పైచిలుకు. అందులో సగానికి పైగా ఫ్రెంచివాళ్లు కాదు. పోలిష్, జర్మన్, ఇటాలియన్, డచ్ కుర్రాళ్లు. వాళ్ల రాజులు కప్పంలాగా పంపినవాళ్లు. వేసవి వడగాలి, ఆ తర్వాత కుంభవృష్టి. రొట్టెల బండ్లు ఇసుక దారుల్లో, బురదలో వెనకబడ్డాయి. గుర్రాలు పచ్చి గడ్డి, పండని రై పైరు మేసి కడుపుబ్బి చచ్చాయి. గుర్రం చస్తే బండి ఆగుతుంది, బండి ఆగితే మనిషి పస్తుంటాడు, పస్తున్నవాడు దారిలోని పల్లెను దోస్తాడు. ఒక పల్లెను దోచిన చోట రేపు వచ్చే దండుకి గింజ ఉండదు. పేనుల వల్ల టైఫస్ జ్వరం పాకింది.

1869లో షార్ల్ జోసెఫ్ మినార్ అనే ఫ్రెంచి ఇంజనీరు, 88 ఏళ్ల వయసులో, ఈ దండయాత్రను ఒకే పటంగా గీశాడు. సైన్యం ఎంత ఉంటే పటంలో పట్టీ అంత వెడల్పు. నది దగ్గర 4 లక్షల 22 వేలు. మాస్కో దగ్గర లక్ష. తిరిగి నది దాటినప్పుడు 10 వేలు. మధ్యలో కొన్ని దళాలు పక్కదారుల్లో కాపలాకి ఆగాయి, నిజమే. అయినా చూడండి, సైన్యం మాస్కో చేరింది సెప్టెంబరు 14న. అప్పటికి మంచు రేకు కూడా పడలేదు. వారం ముందు, 7వ తేదీన, బొరొదినో దగ్గర ఒక్కరోజులో రెండు పక్కలా కలిపి 70 వేల మందికి పైగా నేలకొరిగారు, గాయపడ్డారు. అది కూడా చలి చేసిన పని కాదు.

మాస్కో కాలిపోయింది. జార్ అలెగ్జాండర్ రాజీకి వస్తాడని నెపోలియన్ అయిదు వారాలు అక్కడే కూర్చున్నాడు. అక్టోబరు 19న వెనుదిరిగాడు. చలి వచ్చేసరికి చంపడానికి మిగిలినవాళ్లు తక్కువ.

ఇప్పుడు వక్తగారు గమనించాల్సిన ఘట్టం. ‘పడవలు తగలబెట్టిన సేనాని’ చరిత్రలో నిజంగానే ఉన్నాడు. అది నెపోలియనే. వెనుదిరిగి వస్తూ నవంబరులో ఓర్షా అనే ఊరి దగ్గర, నదులు దాటడానికి వెంట తెచ్చుకున్న పడవల వంతెన సామగ్రిని తగలబెట్టమన్నాడు. గుర్రాలు తక్కువయ్యాయి, ఫిరంగులు లాగడానికి కావాలి, ముందున్న బోరిసోవ్ వంతెన మనదే కదా అన్నది లెక్క. ఆ వంతెన కొద్ది రోజుల్లోనే రష్యన్ల చేతికి చిక్కింది. గడ్డకట్టి ఉండాల్సిన బెరెజీనా నది మంచు కరిగి పారుతోంది. ముందు నది, వెనక శత్రువు, చేతిలో పడవలు లేవు.

సైన్యాన్ని బతికించినవాడు జనరల్ ఎబ్లే. వంతెనల దళానికి పెద్ద. కాల్చమన్న హుకుం వచ్చినా అతను రెండు కొలుములు, బొగ్గు, పనిముట్ల బండ్లు ఆరు మిగిల్చుకున్నాడు. స్టుడియాంకా అనే పల్లెలో ఇళ్లు ఊడబీకి ఆ దూలాలతో రెండు వంతెనలు కట్టించాడు. నవంబరు 26. అతని మనుషులు, ఎక్కువమంది డచ్ పనివాళ్లు, మంచుగడ్డలు కొట్టుకొస్తున్న నీళ్లలో భుజాల దాకా మునిగి కొయ్యలు పాతారు. వంతెన విరిగితే మళ్లీ దిగారు. వాళ్లలో చాలామంది ఊరు చేరలేదు. ఎబ్లే కూడా ఆ ఏడాది చివర్లోనే కోనిగ్స్‌బర్గ్‌లో చనిపోయాడు. 29వ తేదీ పొద్దున రష్యన్లు రాకుండా వంతెనలకు నిప్పు పెట్టక తప్పలేదు. అవతలి ఒడ్డున సైన్యం వెంట వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు, నడవలేని సైనికులు వేలమంది మిగిలిపోయారు. ఇళ్లు పీకించుకున్న ఆ పల్లెవాళ్లకి మొదలైంది రష్యా చలికాలం. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

డిసెంబరు 5న చక్రవర్తి మిగిలిన సైన్యాన్ని వదిలేసి స్లెడ్జి బండిలో పారిస్ బయలుదేరాడు. ఈ ఘోరాన్ని దేశానికి తెలియజేసిన 29వ బులెటిన్ చివరి వాక్యం ఏమిటో తెలుసా? చక్రవర్తిగారి ఆరోగ్యం మునుపెన్నడూ ఇంత బాగా లేదట.

2001లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో కట్టడం పనివాళ్లు తవ్వుతుంటే పెద్ద సామూహిక గోతి బయటపడింది. 3 వేలకు పైగా అస్థిపంజరాలు. ఎక్కువమంది కుర్రాళ్లు. కొందరి పళ్లలో, బట్టల మట్టిలోని పేనుల్లో టైఫస్, ట్రెంచ్ ఫీవర్ ఆనవాళ్లు దొరికాయి. మీ పోస్టర్లో ‘నెవర్ గివప్’ కింద తెల్లగుర్రం బొమ్మ పెట్టేటప్పుడు ఒక్కసారి ఈ గోతిని తలుచుకోండి.

5. వాటర్లూ. నెపోలియన్ చివరి యుద్ధం గురించి గైడు చెప్పేది ఇంతే: ‘1815లో వెల్లింగ్టన్ చేతిలో ఓడెను.’ బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్ దగ్గరున్న సుమారు 68 వేల మందిలో బ్రిటిష్‌వాళ్లు సగం కూడా లేరు. మిగతావాళ్లు డచ్, బెల్జియన్, హనోవర్, బ్రన్స్‌విక్, నసావ్ సైనికులు. మధ్యాహ్నం దాటాక బ్లూషర్ ప్రష్యన్ దళాలు వచ్చిపడకపోతే ఫలితం ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. జూన్ 18 ఒక్కరోజులో మృతులు, క్షతగాత్రులు 45 వేల పైనే. కొందరు రోజుల తరబడి పొలాల్లోనే నీళ్లు లేక పడి ఉన్నారు. గెలిచిన వెల్లింగ్టనే రాశాడు: ఓడిన యుద్ధాన్ని మినహాయిస్తే, గెలిచిన యుద్ధంలో సగమంత విషాదం మరెక్కడా ఉండదని. మీకు సూక్తే కావాలంటే ఇది వాడుకోండి, ఇది నిజంగా ఆయన అన్నదే.

6. మొదటి ప్రపంచ యుద్ధపు జనరళ్లను మీరు దాదాపు వదిలేశారు. ఎందుకో ఊహించగలను. వాళ్లతో పోస్టర్లు చెయ్యడం కష్టం.

1916 జులై 1న, సోమ్ నది దగ్గర, జనరల్ హేగ్ కింద పనిచేసే బ్రిటిష్ సైన్యం ఒక్కరోజులో 57,470 మందిని పోగొట్టుకుంది. అందులో 19,240 మంది చనిపోయారు. హేగ్‌కి వేరే దారి లేదనే చరిత్రకారులూ ఉన్నారు, ఆ వాదన కూడా పిల్లలకు చెప్పండి. 1917 ఏప్రిల్‌లో ఫ్రెంచి జనరల్ నివెల్ 48 గంటల్లో శత్రువు గీత చీల్చేస్తానని మాటిచ్చాడు. చీలింది సొంత సైన్యం. దళాలకు దళాలు కందకాల్లోంచి దాడికి కదలం అన్నాయి. ఆ తర్వాత వచ్చిన పెటాన్ ఉత్త దాడులు ఆపాడు, సెలవులు పెంచాడు, తిండి బాగుచేశాడు. అదే చేత్తో 50 మంది దాకా కాల్పించాడు కూడా. ఇటలీలో జనరల్ కడోర్నా ఇజోంజో నది దగ్గర 11 సార్లు దాడి చేయించాడు. 1917 అక్టోబరులో కపొరెట్టో దగ్గర అతని గీత కూలి రెండున్నర లక్షలమందికి పైగా బందీలయ్యారు. అప్పుడతను ప్రకటన విడుదల చేసి, తప్పంతా పిరికి సైనికులదే అన్నాడు.

ఈ ప్రకటన నాకు మరీ తెలిసిన గొంతులా వినిపిస్తుంది. ఫలితాలు రాకపోతే ‘మీలో కసి లేదు’ అనే కోచింగ్ సెంటర్ గొంతు. క్షమించండి, రాయకుండా ఉండలేకపోయాను.

7. ఇది మనకు దూరపు కథ కాదు. 1757 జనవరిలో బొబ్బిలి కోటను కూల్చిన ఫిరంగులు ఫ్రెంచి సేనాని బుస్సీవి. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించి ఉత్తర సర్కార్ల దారి తెరిచాడు. ఇద్దరి వైపునా ముందు వరసలో నడిచి చచ్చినవాళ్లలో మనవాళ్లున్నారు. ఉత్తరాదిలో చాలాకాలం కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు, మొదటి సిపాయిలు ఈ గడ్డ నుంచే వెళ్లారు కాబట్టి. వాటర్లూ వీరుడు వెల్లింగ్టన్ సైన్యాలకు తిండి చేరవెయ్యడం ఎలాగో నేర్చుకున్నది కూడా దక్కనులోనే. మైసూరు, మరాఠా యుద్ధాల్లో అతని దండుకి ఎద్దుల మీద ధాన్యం మోసినవాళ్లు లంబాడీలు. 1803లో అస్సాయే దగ్గర అతని పక్షాన చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు 1,500 పైనే, అందులో మద్రాసు సిపాయిలు ఎందరో. గైడులో వెల్లింగ్టన్ ఉన్నాడు. ఎద్దులూ లేవు, తోలినవాళ్లూ లేరు.

దీనివల్ల ఎవరికి నష్టం అంటారేమో. పరీక్ష రాసేవాడు ‘చలి’ అని రాసి వస్తాడు, దానికి మార్కు కూడా పడుతుంది. మార్కు పడటమే నా బాధ. వాడు రేపు తహసీల్దారు అవుతాడు, కంపెనీలో టీమ్ లీడర్ అవుతాడు. బండ్లు ఎక్కడిదాకా వచ్చాయి, గుర్రాలకు మేత ఉందా అని అడగడం వాడికి మనం నేర్పలేదు. గమ్యం చూపించి పరుగెత్తమనడం ఒక్కటే నేర్పాం.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. వినతులు అని రాసి రెండుసార్లు చూశాను, పనిచెయ్యలేదు.

ఒకటి. వచ్చే ఎడిషన్‌లో ప్రతి యుద్ధం పక్కనా రెండు వైపుల మృతులు, క్షతగాత్రులు, బందీల లెక్క వెయ్యండి. అంచనాలు వేరువేరుగా ఉంటే ‘ఇంత నుంచి ఇంత’ అని వెయ్యండి. రోగాలతో పోయినవాళ్లను విడిగా చూపండి. యుద్ధం జరిగిన ఊళ్లకు ఏమైందో కనీసం ఒక వాక్యం రాయండి.

రెండు. పాత ఎడిషన్ కొన్నవాళ్లకు ఒక పేజీ తప్పొప్పుల పట్టిక ఉచితంగా ఇవ్వండి. కోర్టెస్ మంటలు, అసాధ్యం సూక్తి, పొట్టివాడు, చలి, ఈ నాలుగూ అందులో ఉండాలి.

మూడు. వక్తలకు: సేనాపతుల ఉదాహరణ చెప్పి పిల్లల చేత ఉద్యోగాలు, సీట్లు మాన్పించకండి. కోర్టెస్ కథ చెప్పి తీరాలంటే దాచిన తెరచాపల సంగతితో సహా చెప్పండి. ఓర్షా, బెరెజీనా కూడా చెప్పండి. హాలు బుక్ చేసుకునే ఖర్చు మీదే గానీ, ఉద్యోగం మానినవాడి రెండేళ్ల ఇంటి ఖర్చు మీది కాదు.

నాలుగు. వీడియోలు చేసే మిత్రులకు: వర్ణచిత్రం వాడితే చిత్రకారుడి పేరు, సంవత్సరం తెర మీద వెయ్యండి. జరిగింది అదే అన్నట్టు చూపించకండి. సినిమా బిట్లకూ ఇదే మాట.

ఐదు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి: వాటర్లూ ఏ సంవత్సరం అని అడుగుతూనే ఉండండి, తప్పులేదు. ఎప్పుడైనా ఒకసారి బెరెజీనా వంతెనలు కట్టించినది ఎవరు అని కూడా అడగండి. ప్రశ్న వస్తే గైడులో అదంతట అదే చేరుతుంది, మీకు తెలియనిది కాదు.

పై విషయాల్లో నేను ఎక్కడైనా పొరబడి ఉంటే ఆధారం చూపించండి, బహిరంగంగానే దిద్దుకుంటాను. సరిచేసిన పాఠం రాసిపెట్టమంటే డబ్బు అడగకుండా రాసిస్తాను, పేరు కూడా వెయ్యక్కర్లేదు. ఈ లేఖ ప్రతిని ఆ ప్రచురణ సంస్థకు మూడోసారి పోస్టు చేస్తున్నాను.

మావాడు పోయిన నెల మళ్లీ ఆ పాత కంపెనీలోనే చేరాడు, రెండు వేలు తక్కువ జీతానికి. సాయంత్రాలు చదువుకుంటున్నాడు. యూరప్ చరిత్రకు ఏ గైడు కొనమంటారు సార్ అని నిన్న ఫోన్ చేశాడు. మీ జవాబు వచ్చేదాకా ఆగమన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్